లెక్కలోకి రాని నెలలు

మా అక్క తాగి కాలేజీకి వెళ్ళింది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మా బంధువులు కథను ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడే ముగించేస్తారు. మిగతాది చెప్పే పని నా నెత్తిన పడింది.

అక్క పేరు విశాలాక్షి. గాజువాకలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆ రోజు ప్రాక్టికల్స్. లోలకం ఊపులు ఎలా లెక్కపెట్టాలో చూపించడానికి బల్ల మీదికి వంగినప్పుడు ఒకమ్మాయికి బ్రాందీ వాసన తగిలింది. మధ్యాహ్నానికి ఆ సంగతి స్టాఫ్ రూముకి, సాయంత్రానికి కరస్పాండెంట్ గారి బల్ల మీదికి చేరింది. ఆయన ఫోన్ చేసింది మా బావకు కాదు, నాకు.

"ఆవిడ చేతిలో ఏదో పెట్టి తాగుడు మానిపించింది మీరేనట కదమ్మా. ఏదీ, మానలేదే" అన్నాడు.

పెట్టింది నేనే. దాన్ని మా ల్యాబులో చుక్క అంటాం. మినపగింజంత ఉంటుంది. మోచేతి పైన చర్మం కింద కూర్చుని, ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎంత, ప్రొజెస్టెరోన్ ఎంత అని ఎప్పటికప్పుడు చూస్తుంది. దాన్నిబట్టి పైన అంటించిన పట్టీలోంచి ఏడీహెచ్‌డీకి, అంటే మనసు ఒక్కచోట నిలవని జబ్బుకి, మందు ఎంత వదలాలో నిర్ణయిస్తుంది. అంతే దాని పని. ఆ 'అంతే' దగ్గరికి రావడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ తొమ్మిదేళ్ళకీ మొదలు మా అక్కే. చిన్నప్పుడు దాన్ని అందరూ పరాకు మనిషి అన్నారు. కాస్త పెద్దయ్యాక బద్ధకస్తురాలన్నారు. పెళ్ళయ్యాక ఒళ్ళు తెలియదన్నారు. అదే ఇబ్బంది ఉన్న మగపిల్లాడు బెంచీలెక్కి దూకితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లను నెమ్మదస్తురాలని మెచ్చుకుంటారు. నలభై దగ్గర పడ్డాక గానీ దాని జబ్బుకు ఎవరూ పేరు పెట్టలేదు. అప్పటికి దానికి తాగుబోతు అని ఇంకో పేరు పడింది.

అది నా దగ్గరికి మొదటిసారి వచ్చి, మందాకిని అన్న నా పేరును ఎప్పటిలా మందా అని కుదించి, చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది.

"నెలలో మూడు వారాలు నేను మనిషినే మందా. మాత్ర వేసుకుంటే పనిచేస్తుంది. నాలుగో వారం అదే మాత్ర వేసుకుంటాను, సున్నపు బిళ్ళ మింగినట్టే. బుర్రలో పది రేడియోలు మోగుతాయి. ఒక్క పెగ్గు వేస్తే తొమ్మిది ఆగుతాయి. డాక్టరుకి చెబితే ధ్యానం చెయ్యమన్నాడు."

నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోతుంది. దాంతో పాటు మెదడులో డోపమిన్ పడిపోతుంది. మామూలు ఆడవాళ్ళకే ఆ వారం కష్టం. డోపమిన్ ముందే తక్కువున్న దానికి కాళ్ళ కింద నేల తీసేసినట్టే. ఇక నలభై దాటాక హార్మోన్లు చెప్పాపెట్టకుండా ఎగిరి పడుతుంటే, ఆ వారం కాస్తా పది రోజులైంది, ఒక్కోసారి పదిహేనైంది. మందు మోతాదు మాత్రం నెలంతా ఒక్కటే. ఆ మోతాదు ఎవరి ఒళ్ళు చూసి నిర్ణయించారు అని అడిగితే, ఎక్కువగా మగవాళ్ళ ఒళ్ళు చూసి అని తేలింది. నేను చుక్కను కోపంతో చేశాను. ఆ మాట దాచుకోను.

ట్రయల్లో చేర్చి చుక్క పెట్టిన మొదటి నెల, నాలుగో వారంలో అక్క నాకు వీడియో కాల్ చేసింది. బల్ల మీద దిద్దిన పేపర్ల కట్ట. స్టవ్ మీద పప్పు, మాడలేదు.

"ఇవాళ సాయంత్రం నాకు తాగాలని గుర్తే రాలేదే" అంది. అని ఏడ్చింది.

అలా ఏడాదికి పైగా గడిచింది. వైన్ షాపు ముందు మొహానికి చున్నీ చుట్టుకుని నిలబడిన మనిషి, స్టీలు నీళ్ళ సీసాలో బ్రాందీ పోసుకుని బ్యాగులో పెట్టుకున్న మనిషి, పిల్లలకు కాంతి వక్రీభవనం మీద పాటలు కట్టి నేర్పే మేడమ్ అయింది. మరి ఏమైంది?

అక్కా బావా మధురవాడలో కొత్త ఫ్లాటు కొన్నారు. గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. నేనూ వెళ్ళాను, ప్రసాదం తిన్నాను, అక్క చేతికి పట్టీ సరిగ్గా అంటుకుని ఉందో లేదో కూడా చూశాను. ఉంది. ఆ పట్టీలోంచి మందు రావడం లేదని బయటికి తెలియదు కదా.

కరస్పాండెంట్ ఫోన్ పెట్టేయగానే నేను నేరుగా ఆ కొత్త ఫ్లాటుకి వెళ్ళాను. అక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. బావ హాల్లో టీవీ చూస్తున్నాడు. "నేను ముందే చెప్పాను" అన్నాడు. ఏం చెప్పాడో, ఎవరికి చెప్పాడో నేను అడగలేదు. చుక్క చదివే యంత్రాన్ని అక్క మోచేతి మీద పెట్టాను.

వ్రతానికి ముందే మందు ఆగిపోయింది. చుక్క తన పని తాను చేసింది. దానికి తెలిసిన ఏ ఆడమనిషి నెలా ఇలా లేదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ రెండూ ఒక్కసారి చదునుగా పడుకున్నాయి, ఆ తర్వాత ఎవరో లాగేసినట్టు ఒళ్ళంతా తలకిందులైంది. తెలియని ఒళ్ళు కనిపిస్తే మందు ఆపెయ్యమని దానికి నేర్పాం. ఆపేసి, అక్క ఫోనుకి మెసేజ్ కూడా పంపింది. వివరాలు సరిపోలడం లేదు, మీ కేంద్రాన్ని సంప్రదించండి అని. పరాకు జబ్బున్న మనిషికి మందు ఆపేసి, ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఫోన్ చెయ్యమనడం. ఆ మెసేజ్ రాసిన మహానుభావుణ్ణి నేను తర్వాత కలిశాను. చాలా బాగుందని తనే అనుకుంటున్నాడు.

"ఏం వేసుకున్నావు అక్కా?"

"ఏమీ లేదే. ఒట్టు. వ్రతం అయిన మూడో రోజు దాకా మంచినీళ్ళు తప్ప... ఏమీ తాగలేదు."

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. వ్రతానికి విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది:

"ఏటి వేసుకుంటుంది? వ్రతానికి అడ్డం రాకుండా మాత్రలు నేనే ఇచ్చాను. ముహూర్తం సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. అదీ మందేనేటి?"

నెలసరిని వెనక్కి నెట్టే మాత్రలు. మన ఇళ్ళల్లో పెళ్ళికి, వ్రతానికి, తిరుపతి ప్రయాణానికి, అన్నవరం మొక్కుకి, చీర కొన్నంత మామూలుగా మందుల షాపులో కొనేవి. చీటీ అడగరు, పేరు కూడా అడగరు. అత్తగారు ఇస్తుంది, లేకపోతే అమ్మ ఇస్తుంది. ల్యాబులో వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే ఏ ఆడదీ వాటి పేరు చెప్పదు. దాచిపెట్టి కాదు. అవి మందులని ఎవరికీ తోచదు.

"అది హార్మోనమ్మా. దాని ఒంట్లో నెలనే చెరిపేసి, ఆపగానే మొత్తం ఒక్కసారి కిందికి తోసేస్తుంది. ఆ సమయంలో దానికి ఏడీహెచ్‌డీ మందు కూడా లేదు."

"మేం వేసుకోలేదేటి? నేను ఎన్ని వ్రతాలకి వేసుకున్నానో లెక్కుందా? నేను తాగుబోతునయ్యానేటి?" అంది అమ్మ. అల్మరాలోంచి తన గోధుమరంగు సీసా తీసి, మూత నిండా పోసుకుని గుటుక్కున మింగింది. మళ్ళీ పోసుకుంది.

నేను ఆ సీసా తీసుకుని చూశాను. అశోకారిష్టం. స్వయంగా జనించిన ఆల్కహాల్ ఉంది అని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ సీసాని మా ఇంట్లో చూస్తున్నాను. ఆ అక్షరాలు చదవడం మాత్రం అదే మొదలు.

"ఇది దేనికమ్మా?"

"గర్భసంచికి. ఆయుర్వేదం డాక్టరు గారిచ్చారు."

"నీకు గర్భసంచి తీసేసి ఇరవై ఏళ్ళు దాటింది."

అక్క మంచం మీద లేచి కూర్చుంది. అమ్మ కుర్చీలో కూలబడి, మమ్మల్ని చూడకుండా చెప్పింది.

"పొద్దుగుంకేసరికి బుర్ర గిర్రున తిరిగేది. పొయ్యి మీద పాలు, మీ నాన్న కేకలు, మీ ఇద్దరి గొడవ, అన్నీ ఒక్కసారే వినపడేవి. ఏ పని మొదలెట్టానో మరిచిపోయేదాన్ని. రెండు మూతలు వేసుకుంటే ఒక్కదాని మీద నిలబడేదాన్ని. రానురాను గ్లాసుడు. మీ నాన్న పిచ్చిదంటారని... ఎవరికి చెప్పను, ఏటని చెప్పను?"

అక్క దిగొచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. నాకు మాత్రం ఎవర్నైనా కొట్టాలనిపించింది. ముప్ఫై ఏళ్ళు ఈ మనిషి సీసాలు తాగింది. ఆ సీసాకి ఆయుర్వేదం పేరుంది కాబట్టి గౌరవంగా బతికింది. ఆవిడ కూతురు అదే కారణానికి అదే పని చేస్తే పరువు పోయింది.

మర్నాడు నేను మా డైరెక్టరు చక్రధర్ గారి గదికి వెళ్ళాను. ఈ సంగతి ఆయనకు కొత్త కాదు. చుక్కకు నేర్పడానికి ఆడవాళ్ళ దగ్గర సేకరించిన నెలసరి లెక్కల్లో దాదాపు సగం నెలల్ని ఆయన పక్కన పెట్టించాడు. పేరు పెట్టి విడిగా అడిగితే, ఆ సగమూ మాత్రలతో వెనక్కి నెట్టిన నెలలేనని తేలింది. శ్రావణంలో పోయినవి, పెళ్ళిళ్ళ సీజనులో పోయినవి. వాటినీ నేర్పాలని అప్పుడే నేను గొడవపడ్డాను. కనీసం ఆ మాత్రలు వాడొద్దని చుక్కతో పాటు ఇచ్చే సూచనల పుస్తకంలో రాయమన్నాను. ఆడవాళ్ళ మూడు రోజుల సంగతి కంపెనీ పుస్తకంలో వేస్తే కుటుంబాలు నొచ్చుకుంటాయని కొట్టేశాడు. అంత గొడవపడ్డ నేనే గృహప్రవేశం నాడు అక్కను ఆ మాట అడగలేదు.

"అవి శుభ్రమైన నెలలు కావు మందాకినీ. కలిపితే గ్రాఫ్ పాడవుతుంది" అన్నాడు ఇప్పుడు కూడా.

"మనం చుక్కను గ్రాఫు కోసం చేశామా సార్, ఆడవాళ్ళ కోసం చేశామా?"

"అవి ఎవరైనా వేసుకునేవే. మా పెద్దమ్మాయి పెళ్ళికి మా ఆవిడా వేసుకుంది."

"అంటే తెలిసే తీసేశారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకునే మనిషి కాదు. అందుకే పైకొచ్చాడు.

"చూడు. మళ్ళీ మొదటి నుంచి నేర్పాలంటే ఏడాది పడుతుంది. ఉగాదికి మార్కెట్లోకి వెళ్తున్నాం. మీ అక్కగారి కాలేజీకి నేనే స్వయంగా వస్తాను. ఆవిడ చేతిలో ఉన్న ఒక్క చుక్కలో లోపం ఉంది, ఆవిడ తప్పేమీ లేదు అని చెబుతాను. ఉద్యోగం నిలబడుతుంది. కొత్త చుక్క పెడతాం. ఈ మాత్రల గోల మాత్రం ఆవిడా ఎత్తకూడదు, నువ్వూ ఎత్తకూడదు."

నేను అక్కడే కాదని వచ్చేదాన్ని. కానీ ఉద్యోగం నాది కాదు, అక్కది. వెళ్ళి దానికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఒప్పుకుందాం మందా" అంది. "బోర్డు ముందు నిలబడ్డప్పుడే నా బుర్ర ఒక్కచోట ఉంటుంది. అది పోతే రోజంతా ఈ నాలుగు గోడల మధ్య, ఈ బుర్రతో... నేనేమవుతానో నీకు తెలుసు."

తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను.

కాలేజీలో విచారణ అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. కరస్పాండెంట్ గారి గది. ఆయన, ప్రిన్సిపాల్, కామర్స్ చెప్పే శేషారత్నం గారు. ఆడమనిషి ఒకరుండాలని ఆవిణ్ణి కూర్చోబెట్టారు. అక్క కుర్చీ అంచు మీద కూర్చుంది. చక్రధర్ గారు, నేను పక్కన. చుక్క ఆగిపోయింది, ఆ వారం ఇంకా అవలేదు, మొన్నటి నుంచి అక్క పళ్ళు బిగించి గడుపుతోంది. దాని మోకాలు ఆగకుండా ఊగుతోంది.

చక్రధర్ గారు ఎంత బాగా మాట్లాడారో. అలాంటి లోపం వెయ్యింటికి ఒక్కటి వస్తుందన్నారు, మేడమ్ గారికి తమ సంస్థ క్షమాపణ చెబుతోందన్నారు. కరస్పాండెంట్ మొహం విచ్చుకుంది. పరీక్షల ముందు ఫిజిక్స్ మేడమ్‌ని వెతుక్కునే బాధ తప్పింది ఆయనకు.

"అయితే మేడమ్ తప్పేమీ లేదన్నమాట. సరే, ఇక ఈ సంగతి వదిలేద్దాం" అన్నాడు.

అయిపోయింది. అక్క గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది. లేవబోతుంటే శేషారత్నం గారు మొహమాటంగా నవ్వారు.

"సార్, ఎలాగూ మీరొచ్చారు కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మాయికీ ఈ ఇబ్బందే. ఈ నెల్లోనే మీ ట్రయల్లో చేరి చుక్క పెట్టించుకుంటోంది. భయమేమీ లేదు కదా?"

"నిశ్చింతగా పెట్టించండమ్మా. పూర్తిగా సేఫ్" అన్నారు చక్రధర్ గారు.

అక్క మళ్ళీ కూర్చుంది. దాని మోకాలు ఆగిపోవడం చూశాను.

"రత్నం గారూ, వచ్చే నెల మీ అమ్మాయి పెళ్ళి కదా. శుభలేఖ ఇచ్చారు నాకు" అంది.

"అవునండీ."

"ముహూర్తానికి మాత్రలు కొన్నారా?"

శేషారత్నం గారు మగవాళ్ళ వైపు చూసి తల దించుకున్నారు. "ఇక్కడెందుకండీ ఆ మాటలు" అన్నారు.

"కొన్నారా, లేదా?"

"కొన్నాం. తేదీ దగ్గర్లో పడుతోందని."

"విశాలాక్షి గారూ" అన్నారు చక్రధర్ గారు, చాలా నెమ్మదిగా. "ఆలోచించుకోండి."

"నేను ఆలోచించుకునే మనిషిని కాదు సార్. అదే కదా నా జబ్బు" అంది అక్క. ఆ తర్వాత ఆగకుండా చెప్పింది. మాత్రలు, చుక్క, ఆగిన మందు, పక్కన పెట్టించిన సగం నెలలు. క్లాసులో చెప్పినట్టు, ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు. "మీ అమ్మాయి పెళ్ళై అత్తారింట్లో అడుగు పెట్టిన వారంలో చుక్క ఆగిపోతుంది. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, బుర్రలో పది రేడియోలు. అప్పుడు తనకి ఏది దొరికితే అది తాగుతుంది. నేను తాగలేదా? నాది పాడైన చుక్క కాదు. అందరి చుక్కా ఇదే."

చక్రధర్ గారు నా వైపు తిరిగారు.

"మందాకినీ, నువ్వు చెప్పు. ఒక్క చుక్కే కదా పాడైంది?"

"కాదు" అన్నాను. "ఒక్కటీ పాడవలేదు. మీరు నేర్పనిది వాటికెలా వస్తుంది?"

ఆయన లేచారు. "అయితే నేను ముందు చెప్పినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. మా యంత్రంలో ఏ లోపమూ లేదు. ఆవిడ తన ఇష్టంతో తాగి క్లాసుకొచ్చింది. నువ్వు రేపటి నుంచి ల్యాబుకి రానక్కర్లేదు." నాతో ఆ మాట అంటూనే కరస్పాండెంటుకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

కరస్పాండెంట్ గారికి ఇప్పుడు పని తేలికైంది. యంత్రం మంచిదైతే మనిషి చెడ్డది. మమ్మల్ని బయట కూర్చోమని చెప్పి తలుపు వేశారు. టీ తాగేంతసేపు కూడా పట్టలేదు. తాగి క్లాసుకొచ్చినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని ప్రిన్సిపాల్ వచ్చి చెప్పాడు. ముగ్గురూ ఒక్క మాట మీద ఉన్నారట. ముగ్గురూ అన్న మాట ఒత్తి పలికాడు.

మేము మెట్లు దిగుతుంటే పైనుంచి శేషారత్నం గారి గొంతు వినిపించింది. వరండా మూలన నిలబడి ఫోనులో కూతురితో మాట్లాడుతున్నారు.

"అమ్మడూ, ఆ చుక్క వద్దు. ఇంకేం అడక్కు. ఆ మాత్రలూ వేసుకోకు. పంతులు గారితో మాట్లాడి ముహూర్తం నేను మార్పిస్తాను. మార్చకపోతే చూద్దాం."

ఆవిడ కళ్ళు మా మీద పడ్డాయి. తల పక్కకు తిప్పుకున్నారు.

నేను మెట్లు వెనక్కెక్కబోయాను. ఆ మొహం మీద ఏమడగాలో నాకు బాగా తెలుసు. లోపల చెయ్యెత్తేటప్పుడు ఈ కూతురు గుర్తు రాలేదా అని. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తిట్టకే. ఫోన్ చేసింది కదా" అంది. "ముందు నన్ను నీ ఇంటికి తీసుకెళ్ళు. ఈ వారం ఇంకా అవలేదు. దారిలో ఎక్కడా ఆపకు, నేను అడిగినా ఆపకు."

ఆపలేదు. గాజువాక నుంచి మా ఇంటి దాకా ఒక్క సిగ్నల్ దగ్గర తప్ప ఎక్కడా ఆపలేదు. దారి పొడుగునా నేను వాళ్ళందర్నీ తిడుతూనే నడిపాను. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, బుర్రలో రేడియోలు వినపడకుండా ఇంకా గట్టిగా తిట్టమంది.